ఇంగ్లీషు వ్యాసంలో హౌఎవర్, మోరోవర్ లాంటి మాటలు సరిగ్గా ఎలా వాడాలి?

ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకి ప్రాక్టీస్ చేసేవాళ్ల వ్యాసాలు, ఫారిన్ యూనివర్సిటీలకు పంపే ఎస్ఓపీలు (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసాలు) దిద్దడం నాకు బాగా అలవాటైన పని. ఏది తీసినా దాదాపు ఒకటే వరస. మొదటి పేరా నౌఅడేస్, రెండోది ఫస్ట్‌లీ, మూడోది మోరోవర్, నాలుగోది ఆన్ ది అదర్ హ్యాండ్, చివరిది టు కన్‌క్లూడ్. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు కూడా ఈ మూసలో పడి మార్కులు పోగొట్టుకుంటుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఈ మాటలు సంబంధాన్ని పుట్టించవు. రెండు వాక్యాల మధ్య అప్పటికే ఉన్న సంబంధాన్ని బయటికి చూపిస్తాయి, అంతే. లేని చుట్టరికాన్ని హౌఎవర్ కలపలేదు.

కావాల్సినవి

కాగితం, పెన్సిలు, ఉదాహరణ వాక్యాలు ఇచ్చే లెర్నర్స్ డిక్షనరీ ఒకటి. ఆక్స్‌ఫర్డ్‌ది, కేంబ్రిడ్జ్‌ది ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. తెలుగు అర్థం ఒక్కటే చూపించే యాప్‌లు ఈ పనికి వద్దు.

ముందు ఈ మాటలేవీ లేకుండా రాయండి

పేరా మొత్తం మామూలు వాక్యాల్లో రాసేయండి. హౌఎవర్ లేదు, మోరోవర్ లేదు, ఏదీ లేదు. చెప్పదలుచుకున్నది వరసలో పడిందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

రెండు వాక్యాల మధ్య ఏముందో తెలుగులో అడగండి

రెండోది మొదటిదానికి కారణమా, ఫలితమా, ఉదాహరణా, దానికి ఎదురు వెళ్తోందా, అదే వాదనకి ఇంకో బలమా? జవాబు తెలుగులో వచ్చాకే ఇంగ్లీషు మాట వెతకండి. 'సిటీస్ ఆర్ గ్రోయింగ్ ఫాస్ట్. మోరోవర్, ట్రాఫిక్ హ్యాజ్ బికమ్ అన్‌బేరబుల్' అని రాస్తారు. ఊళ్లు పెరగడం వల్లే కదా ట్రాఫిక్ పెరిగింది? అది ఫలితం. అక్కడ ఉండాల్సింది యాజ్ ఎ రిజల్ట్. మోరోవర్ అనేది ఒకే వాదనకి రెండో సాక్ష్యం తెచ్చినప్పుడు వాడే మాట. నన్నడిగితే వ్యాసం మొత్తంలో ఒక్కసారి వాడాలి, అంతకు మించి వద్దు.

జవాబు ఏమీ రాకపోతే అక్కడ ఏ మాటా పెట్టొద్దు. వాక్యాల వరస మార్చండి, లేదా ఒకటి కొట్టేయండి.

మాటని వాక్యంలో కూర్చోబెట్టడం: ఇక్కడ తొందరపడొద్దు

అర్థం సరిగ్గా పట్టుకున్నవాళ్లు కూడా బోల్తా పడేది ఇక్కడే. బట్, ఆల్దో, హౌఎవర్, డిస్పైట్ నాలుగూ 'అయినా, కానీ' అనే భావాన్నే చెప్తాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేయొచ్చు అనుకుంటారు. పెట్టకూడదు. అర్థం దగ్గరదే కానీ వ్యాకరణంలో నాలుగూ నాలుగు జాతులు. వాన పడింది, మ్యాచ్ ఆగలేదు అన్న ఒక్క సంగతినే నాలుగు రకాలుగా చూడండి:

'ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ కంటిన్యూడ్.'
'ఆల్దో ఇట్ రెయిన్డ్, ద మ్యాచ్ కంటిన్యూడ్.'
'ఇట్ రెయిన్డ్. హౌఎవర్, ద మ్యాచ్ కంటిన్యూడ్.'
'డిస్పైట్ ద రెయిన్, ద మ్యాచ్ కంటిన్యూడ్.'

ఈ నాలుగూ చేత్తో కాపీ చేసుకుని, కామా ఎక్కడుంది, ఫుల్‌స్టాప్ ఎక్కడుంది అని వేలు పెట్టి చూడండి.

బట్ రెండు వాక్యాల మధ్యలో కూర్చుని రెంటినీ కలుపుతుంది. సో కూడా అంతే. ఆల్దో అలా కాదు, తన వెనకున్న వాక్యాన్ని పక్కదానికి తగిలించేస్తుంది. 'ఆల్దో ఇట్ రెయిన్డ్' అని ఫుల్‌స్టాప్ పెడితే అది సగం వాక్యం. బికాజ్, ఈవెన్ దో, వేర్‌యాజ్ కూడా ఈ జాతివే. మనవాళ్ల పెద్ద తప్పు ఇక్కడుంది: 'ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ ద మ్యాచ్ కంటిన్యూడ్.' తెలుగులో 'వాన పడినా సరే, మ్యాచ్ మాత్రం ఆగలేదు' అని రెండు వైపులా ఊతం ఇవ్వడం మనకి అలవాటు, అందుకే ఇది చెవికి తప్పనిపించదు. ఇంగ్లీషులో ఆల్దో ఉంటే బట్ ఉండకూడదు. బికాజ్‌తో మొదలుపెడితే మధ్యలో సో రాకూడదు. రెండింట్లో ఒకటే, ఏదో మీరే తేల్చుకోండి.

హౌఎవర్ ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన మాట, ఎందుకంటే చూడటానికి బట్‌లాగే ఉంటుంది. 'ఇట్ రెయిన్డ్, హౌఎవర్ ద మ్యాచ్ కంటిన్యూడ్' అన్నది తప్పు. హౌఎవర్‌కి రెండు వాక్యాలను కలిపే శక్తి లేదు, ముందున్న వాక్యం ముగిశాకే అది రావాలి. ఫుల్‌స్టాప్, హౌఎవర్, కామా, ఈ వరస తప్పొద్దు. సెమీకోలన్ కూడా పెట్టొచ్చు కానీ మీరు దాని జోలికి వెళ్లకండి, ఫుల్‌స్టాప్ ఏ రోజూ మోసం చేయదు. దేర్‌ఫోర్, మోరోవర్, నెవర్‌దలెస్, యాజ్ ఎ రిజల్ట్ అన్నిటికీ ఇదే పద్ధతి.

ఏ మాట ఏ జాతిదో అనుమానం వస్తే దాన్ని వాక్యం మధ్యలోకి జరిపి చూడండి. 'ద మ్యాచ్, హౌఎవర్, కంటిన్యూడ్' అనొచ్చు. 'ద మ్యాచ్, బట్, కంటిన్యూడ్' అనలేం. అలా లోపలికి జరిగే మాట అయితే దాని ముందు ఫుల్‌స్టాప్ పడాల్సిందే.

ఇక డిస్పైట్. దీని వెనక పూర్తి వాక్యం రాదు, పేరు (నౌన్) గానీ ఐఎన్‌జీ రూపంగానీ రావాలి. 'డిస్పైట్ హి వాజ్ ఇల్' కాదు, 'డిస్పైట్ బీయింగ్ ఇల్'. డిస్పైట్ ఆఫ్ అనేది అసలు లేదు, ఆఫ్ కావాలంటే ఇన్ స్పైట్ ఆఫ్ అనండి. డ్యూ టు, బికాజ్ ఆఫ్ కూడా ఇలాంటివే.

ఈ ఒక్క మెట్టు మీద ఒక వారం కూర్చున్నా నష్టం లేదు.

ఒకేలా కనిపించేవి

ఆన్ ది కాంట్రరీ అంటే 'మరోవైపు' కాదు, ముందు కాదన్నదానికి అసలు నిజం చెప్పడం: 'దిస్ ఈజ్ నాట్ ఎ స్మాల్ ప్రాబ్లమ్. ఆన్ ది కాంట్రరీ, ఇట్ అఫెక్ట్స్ మిలియన్స్.' రెండు వైపులా తూచి చెప్పడానికి ఆన్ ది అదర్ హ్యాండ్ ఉంది, ఇన్ ది అదర్ హ్యాండ్ అంటే ఇంకో చేతిలో అని. ఎట్ ఫస్ట్ అంటే మొదట్లో అలా ఉండి తర్వాత మారింది అని, పాయింట్లు లెక్కపెట్టడానికి ఫస్ట్ చాలు. ఎట్ లాస్ట్ అంటే ఎదురుచూసి చూసి ఎట్టకేలకు అని, ఆఖరి పాయింటుకి అది పనికిరాదు. లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్‌లో ఆ 'ద' తీసేయండి, వీలైతే మొత్తం తీసేయండి. అకార్డింగ్ టు మీ కూడా వద్దు, ఇన్ మై ఒపీనియన్ అనండి.

వంద మాటల లిస్టు ఎందుకు వద్దంటున్నాను

కోచింగుల్లో ఇలాంటివి వంద కాగితం మీద ఇచ్చి బట్టీ పట్టమంటారు. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో టాస్క్ 2, అంటే వ్యాసంలో, రాసేది కనీసం 250 పదాలు, సమయం 40 నిమిషాలు. అందులో వందా ఎక్కడ పెడతారు? మార్కులు వేసే నాలుగు అంశాల్లో కోహెరెన్స్ అండ్ కోహీషన్ (ఆలోచనల వరస, వాక్యాల కలయిక) ఒకటి, దానికి నాలుగో వంతు మార్కులు. ఆ పరీక్ష పెట్టేవాళ్లే బయటపెట్టిన కొలమానం చదవండి: ఈ మాటలు తప్పుగా వాడినా, అతిగా వాడినా, కావాల్సిన చోట వదిలేసినా రాత యాంత్రికంగా ఉందని బ్యాండ్ 6 (బ్యాండ్ అంటే మార్కుల స్థాయి, 9 అన్నిటికంటే పైది) దగ్గర రాశారు. బ్యాండ్ 9లో అయితే వాక్యాల కలయిక చదివేవాళ్ల దృష్టిలో దాదాపు పడకూడదు. అంటే లిస్టు మీద లిస్టు కుక్కితే మార్కులు పెరగవు, తగ్గుతాయి.

నిజానికి మంచి ఇంగ్లీషు రాతలో వాక్యాలను కలిపేది దిస్, దీస్, సచ్ లాంటి చిన్న మాటలే. 'మెనీ విలేజెస్ డిపెండ్ ఆన్ బోర్‌వెల్స్. దీస్ వెల్స్ డ్రై అప్ ఇన్ సమ్మర్.' ముందు వాక్యం చివర ఉన్నదాన్ని పట్టుకుని తర్వాతి వాక్యం మొదలైంది. మధ్యలో మోరోవర్ అక్కర్లేదు, హౌఎవర్ అక్కర్లేదు. ఈ పద్ధతి పట్టుబడితే పేరాకి ఒకటి, మహా అయితే రెండు కలిపే మాటలు సరిపోతాయి. అంతకంటే ఎక్కువ పెడితే నేనైతే కొట్టేస్తాను.

చివరి చూపు

రాయడం అయ్యాక మూడు నిమిషాలు మిగుల్చుకోండి. స్పెల్లింగులు వేరే, ఇది వేరే. ప్రతి హౌఎవర్ ముందు ఫుల్‌స్టాప్ ఉందా, ప్రతి ఆల్దో వాక్యంలో బట్ దూరిందా, ప్రతి డిస్పైట్ వెనక ఏముంది, ఈ మూడే చూడండి. తర్వాత ఒక్కో కలిపే మాటని వేలితో మూసి చదవండి. అది లేకపోయినా అర్థం అలాగే నిలబడితే కొట్టేయండి. పరీక్ష హాల్లో టెన్షన్‌లో హౌఎవర్ పెట్టాలా, బట్ పెట్టాలా అని తేలకపోతే బట్ రాసి ముందుకెళ్లండి.