సిలికాన్ బ్రాంజ్ వైరుతో రేకు అతుకు: సమస్యలు, పరిష్కారాలు

మిగ్ మెషిన్‌లో (వైరు దానంతటదే ముందుకు వచ్చే వెల్డింగ్ మెషిన్) ఉక్కు వైరు తీసి, ఎక్కువ భాగం రాగి ఉండే సిలికాన్ బ్రాంజ్ వైరు ఎక్కించాక మెషిన్ అదే, కానీ చెయ్యి మారాలి. ఉక్కు దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఈ వైరు 910 నుంచి 1025 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. కాబట్టి రేకు కరగకూడదు. వేడెక్కిన రేకు మీద బ్రాంజ్ పారి, దాన్ని పట్టుకోవాలి. చేతిలో ఉన్నది వెల్డింగ్ టార్చే అయినా చేసే పని బ్రేజింగ్. కింది సమస్యల్లో చాలావాటికి మూలం రేకును కరిగించాలని చూసే పాత అలవాటే.

వైరు రోలర్ల దగ్గర చుట్టుకుపోతోంది

ఈ వైరు ఉక్కు వైరు కంటే చాలా మెత్తన. వీ గాడి ఉన్న రోలర్లు, బిగించిన టెన్షన్ దాన్ని నొక్కి చదును చేస్తాయి. చదునైన వైరు లైనర్‌లో (టార్చ్ కేబుల్ లోపల వైరు నడిచే గొట్టం) ఇరుక్కుంటుంది, వెనక నుంచి వచ్చేది పోగుపడుతుంది. యూ గాడి రోలర్లు, టెఫ్లాన్ లైనర్ వేయండి. టెన్షన్ పూర్తిగా వదులు చేసి, వైరు జారకుండా నడిచేంత వరకే బిగించండి. టార్చ్ కేబుల్‌ని మెలికలు లేకుండా పరచండి. వైరు వేడికి వ్యాకోచించి టిప్‌లో (టార్చ్ చివర వైరు బయటికి వచ్చే ముక్క) పట్టేస్తుంటే ఒక సైజు పెద్ద టిప్ పెట్టి చూడండి.

బీడ్ ఉబ్బుగా కూర్చుంది, రేకును పట్టుకోలేదు

తామరాకు మీద నీటిబొట్టులా బీడ్ (కరిగిన వైరు గట్టిపడి ఏర్పడే వరుస) గుండ్రంగా నిలబడి, అంచు కింద సన్నని గీత కనిపిస్తే అది అతుక్కోలేదనే అర్థం. పైకి బంగారు రంగులో ఎంత అందంగా ఉన్నా ఉలితో కొడితే లేచి వస్తుంది. ముందు శుభ్రత చూడండి. పెయింటు, తుప్పు, నూనె మీద బ్రాంజ్ పారదు. అతుక్కి రెండు వైపులా కనీసం 20 మి.మీ. మేర లోహం మెరిసేలా గీకాలి. తర్వాత వోల్టేజ్‌ని కొద్దికొద్దిగా పెంచండి, లేదా వైర్ స్పీడ్ తగ్గించండి. ఆర్క్‌ని కరిగిన మడుగు ముందు అంచు మీద ఉంచి, టార్చ్‌ని ముందుకి నెట్టుకుంటూ వెళ్లండి. బీడ్ అంచులు పల్చగా రేకులోకి జారిపోతే సరిగ్గా వస్తున్నట్టే.

ఫ్లక్స్ కోర్డ్ వైరు (లోపల ఫ్లక్స్ పొడి నింపిన ఉక్కు వైరు) వాడిన మెషిన్‌లో టార్చ్ నెగటివ్‌కే ఉండిపోయిందేమో కూడా చూడండి. బ్రాంజ్‌కి పాజిటివ్ కావాలి.

చిన్న చిన్న రంధ్రాలు, నల్లటి బీడ్, చిటపటలు

మొదట సిలిండర్ చూడండి. ఉక్కుకి వాడే ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం ఇక్కడ బ్రాంజ్‌ని ఆక్సిడైజ్ చేసి పాడుచేస్తుంది. స్వచ్ఛమైన ఆర్గాన్, నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు సరిపోతుంది. గాలి వీచే చోట గ్యాస్ పెంచే కన్నా అడ్డు పెట్టడం మేలు.

జింక్ పూత ఉన్న రేకైతే మరో సంగతి ఉంది. జింక్ 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఆ ఆవిరికి బయటికి పోయే దారి లేకపోతే బీడ్‌లోనే బుడగలవుతుంది. రెండు రేకుల మధ్య అర మిల్లీమీటరు నుంచి 1 మి.మీ. సందు వదలండి. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం వస్తాయి. తగిన రెస్పిరేటర్ పెట్టుకోండి, పొగ బయటికి పోయే ఏర్పాటు లేకుండా పని మొదలుపెట్టకండి.

బీడ్‌లో వెంట్రుక లాంటి పగులు

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దీనికే, ఎందుకంటే పెయింటు కింద దాక్కుంటుంది. రేకు మరీ వేడెక్కితే కరిగిన రాగి ఉక్కు రేణువుల హద్దుల్లోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. ఆ సమయంలో క్లాంపుల లాగుడు తోడైతే అక్కడే చీలుతుంది. పగులు మీద మళ్లీ బ్రాంజ్ పోస్తే లోపల అలాగే ఉంటుంది. గ్రైండ్ చేసి పూర్తిగా తీసి, తక్కువ వేడితో కొత్తగా వేయండి. ఒకేచోట ఆగకుండా 15 మి.మీ. ముక్కలుగా, చోటు మార్చుతూ చేస్తే రేకు వంకర కూడా తగ్గుతుంది. చివర్లో గుంట మిగలకుండా ఒక క్షణం ఆగి నింపి ఆపండి, పగుళ్లు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి.

గ్రైండ్ చేశాక అతుకు ఊడిపోయింది

ఒకదాని పక్కన ఒకటి ఆనించి చేసిన అతుకులో బలం చాలావరకు బీడ్ మందంలోనే ఉంటుంది. దాన్ని రేకుతో సమానంగా అరగదీస్తే పట్టు పోతుంది. వీలైన చోట ఒక అంచు మరోదాని మీదకి ఎక్కించి, రేకు మందానికి కనీసం మూడింతలు అతివ్యాప్తి ఉంచండి.

బ్రాంజ్ అతుకు మీద ఉక్కు వైరు వేస్తే పగులుతోంది

కింద మిగిలిన రాగి ఉక్కు మడుగులో కలిసి పగుళ్లు తెస్తుంది. బంగారు రంగు ఛాయ కూడా మిగలకుండా తీసేయాలి. అలా తీయలేకపోతే ఆ చోట బ్రాంజ్‌తోనే మరమ్మతు చేయండి.