ఇటాలియన్ వంట మన వంటింట్లో – 4వ పాఠం: పొలెంటా, సాసేజ్ కూర

మే నెలలో బెజవాడ వంటింట్లో 40 నిమిషాలు స్టవ్ ముందు నిలబడమంటే నన్ను తిట్టుకుంటారు. అందుకే ఈ పాఠాన్ని చలికాలం దాకా ఆపాను. పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వతో సంకటిలా కెలికి వండే వంటకం. ఇటలీలోనూ ఇది ఉత్తరాది చలి ప్రాంతాల తిండే. లొంబార్డీ, వెనెటో వైపు పెద్ద రాగి గిన్నెలో కలియబెడుతూ వండేవారు.

కావలసింది పసుపుపచ్చగా, కాస్త బరకగా ఉండే మొక్కజొన్న రవ్వ. కొట్లో కార్న్‌ఫ్లోర్ అని అడిగితే మంచూరియాలో వాడే తెల్లపిండి ఇస్తారు, అది పనికిరాదు. చిరుధాన్యాలు అమ్మేచోట అడగండి. నలుగురికి పావుకిలో రవ్వ, ఒకటింపావు లీటరు నీళ్లు, రెండు చెంచాల ఉప్పు.

నీళ్లు తెర్లాక ఉప్పేసి, మంట తగ్గించి, ఒక చేత్తో రవ్వ సన్నటి ధారగా పోస్తూ రెండో చేత్తో గరిటె తిప్పండి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఉండలు కడతాయి, తర్వాత ఎంత తిప్పినా పోవు. సంకటి కెలికిన చేతికి ఇది కొత్త కాదు. కాకపోతే సంకటి ముద్ద కట్టాలి, పొలెంటా పళ్లెంలో వేస్తే మెల్లగా పరుచుకోవాలి. మరీ గట్టిపడితే కాసిని వేడినీళ్లు పోయండి.

చిక్కబడ్డాక కుతకుతమంటూ చిమ్ముతుంది. చేతి మీద పడితే బొబ్బే! లోతు గిన్నె, పొడుగు గరిటె తీసుకోండి. సిమ్‌లో మూత వారగా పెట్టి, నాలుగైదు నిమిషాలకోసారి అడుగు తగిలేలా తిప్పండి. పది నిమిషాలకే అయిపోయినట్టు కనిపిస్తుంది. నమ్మకండి. చిటికెడు తీసి, చల్లార్చి, వేళ్ల మధ్య నలపండి. గరుగ్గా తగిలితే ఇంకా ఉడకాలి. మెత్తబడి, తిప్పుతుంటే గిన్నె అంచుల్ని వదులుతుంటే దించేసి పెద్ద చెంచాడు వెన్న, ఉంటే తురిమిన చీజ్ కలపండి.

ఈలోపు రెండో పొయ్యి మీద కూర. పటమట రైతుబజారుకి వెళ్లినప్పుడు రెండు క్యాప్సికం, రెండు ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు తెచ్చుకోండి. ఫ్రోజెన్ చికెన్ సాసేజ్‌లు ఎక్కువగా ముందే ఉడికించినవే ఉంటాయి, ప్యాకెట్ చూసుకోండి. ముక్కలు కోసి నూనెలో ఎర్రగా వేయించి తీస్తే చాలు. పచ్చివైతే లోపలిదాకా ఉడకాలి. చాలా ఇటాలియన్ సాసేజ్‌లకి ఉండే ప్రత్యేకమైన వాసన సోంపు వల్లే వస్తుంది, మన ప్యాకెట్లలో అది ఉండదు. అందుకని చెంచాడు సోంపు కచ్చాపచ్చాగా దంచి అదే నూనెలో వేయండి. తర్వాత నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిర్చి, ఉల్లి, క్యాప్సికం, చివర్లో టమాటా. అది గుజ్జయ్యాక సాసేజ్ ముక్కలు. గుంటూరు వాళ్లూ, మిర్చి రెండింటితో ఆపండి. కారం ఎక్కువైతే మొక్కజొన్న తీపి తెలియదు. గరం మసాలా జోలికి అసలే పోవద్దు.

కూర మానేసి ఒట్టి పొలెంటా తినొచ్చా? ఒకపూటకి ఏమీ కాదు. 18, 19 శతాబ్దాల్లో ఉత్తర ఇటలీ పేద రైతులు నెలల తరబడి దాదాపు అదొక్కటే తిని పెల్లాగ్రా అనే జబ్బు బారిన పడ్డారు. చర్మం పగలడం, విరేచనాలు, చివరికి మతి చలించడం. మొక్కజొన్నలో ఉన్న బీ3 విటమిన్ ఒంటికి సరిగా అందదు. ఆ పంట పుట్టిన మెక్సికోలో గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి ఆ చిక్కు తప్పించుకున్నారు. ఐరోపాకి గింజలు వెళ్లాయి గానీ ఆ పద్ధతి వెళ్లలేదు. కాబట్టి శాకాహారులు సాసేజ్ బదులు ఉడికించిన శనగలో, పనీరో వేసుకోండి.

మిగిలిన పొలెంటాని వేడిగా ఉండగానే నూనె రాసిన పళ్లెంలో అరంగుళం మందాన పరిచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఎల్లుండి పాఠంలో దాన్ని ముక్కలు కోసి పెనం మీద కాలుద్దాం.