చలికాలంలో బారో నది గట్టు నడక: బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి

కొండ ఎక్కడానికి వెళ్లేవాళ్లు బూట్లు, వాన కోటు, టార్చి అన్నీ సర్దుకుంటారు. నది గట్టు మీద నడక అనేసరికి మామూలు స్నీకర్లు, జీన్సు ప్యాంటు, చేతిలో ఫోను, అంతే. "చదునైన దారే కదా" అన్న ధీమాతోనే ఐర్లండ్‌లోని బారో గట్టు మీద చలికాలపు చిక్కులన్నీ మొదలవుతాయి. ఎత్తుపల్లాలు లేవన్నది నిజమే. కానీ అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా ఆ దారి తడి గడ్డి. పక్కనే రెయిలింగు లేని నిండు నది. డిసెంబరులో పగలేమో నాలుగింటికే అయిపోతుంది.

బారో నది స్లీవ్ బ్లూమ్ కొండల్లో పుట్టి 192 కిలోమీటర్లు పారుతుంది. షానన్ తర్వాత ఆ దేశంలో పొడవైన నది ఇదే. ఆథై ఊరి నుంచి సెయింట్ మల్లిన్స్ దాకా 68 కిలోమీటర్ల మేర పడవలు నడిచేలా దీన్ని తీర్చారు, మధ్యలో 23 లాకులు, అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి మరో మట్టానికి దించే, ఎక్కించే తలుపుల గదులు కట్టారు. గోదావరి కాలువల మీద లాకులు చూసినవాళ్లకు వీటిని వర్ణించి చెప్పక్కర్లేదు, పని అదే. అప్పట్లో గుర్రాలు తాడు కట్టి పడవలను లాగుతూ నడిచిన గట్టే ఇప్పుడు మనం నడిచే దారి. గుర్రం నీటి అంచునే నడవాలి కాబట్టి దారిని నీళ్లకు ఆనుకునే వేశారు. మనిషికి అదే ముప్పు.

డబ్లిన్ నుంచి ఒక్కరోజులో వెళ్లి వచ్చేవాళ్లలో చాలామంది ఎంచుకునేది గ్రేగ్‌నమానా నుంచి సెయింట్ మల్లిన్స్ దాకా ఉన్న ముక్క. కారులో గంటన్నర నుంచి రెండు గంటల ప్రయాణం. గ్రేగ్‌నమానా కిల్‌కెన్నీ జిల్లాలో ఉంటుంది. రాతి వంతెన దాటితే అవతల టిన్నహించ్, కార్లో జిల్లా. నడక దారి ఆ టిన్నహించ్ ఒడ్డునే కిందికి సాగుతుంది. ఒకవైపుకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఇది చుట్టు తిరిగి మొదటికొచ్చే దారి కాదు. ఎంత దూరం వెళితే అంత దూరం వెనక్కి నడవాలి, లేదా రెండో కారు అవతల పెట్టుకోవాలి. చలికాలపు ఆదివారం బస్సును నమ్ముకుని బయలుదేరకండి.

కారు లేనివాళ్లకు రైలు మంచి దారి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వాటర్‌ఫర్డ్ వెళ్లే రైలు ఆథై, కార్లో, బ్యాగ్నల్స్‌టౌన్‌లలో ఆగుతుంది. మూడు ఊళ్లూ నది పక్కనే. టికెట్ కొనేటప్పుడు బ్యాగ్నల్స్‌టౌన్ అని వెతికితే దొరకకపోవచ్చు, మ్యూనె బెగ్ అన్న ఐరిష్ పేరుతో చూడండి. కార్లో నుంచి అక్కడికి గట్టు మీద సుమారు 16 కిలోమీటర్లు. డిసెంబరులో అది రోజంతా పట్టే నడక. నడవడం అలవాటున్న పెద్దలకే.

ముందు నది సంగతి. నడిచే రోజు ఎండగా ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, గత మూడు రోజుల్లో పైన వాన పడిందా అని. బారో మెల్లగా పొంగే నది. పైన స్లీవ్ బ్లూమ్ వైపు కురిసిన వాన కింది ఊళ్లకు మరునాడో ఆ మరునాడో చేరుతుంది. అందుకే శుక్రవారం జోరు వాన కురిసి, ఆదివారం నీలాకాశం కనిపించినా గట్టు మునిగి ఉండొచ్చు. ప్రభుత్వ పనుల శాఖ నడిపే వాటర్‌లెవెల్ డాట్ ఐఈ సైటులో నది పొడవునా ఉన్న కొలత కేంద్రాల లెక్కలు దొరుకుతాయి. అక్కడి అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ఒక్కో కేంద్రం సున్నా ఒక్కోచోట ఉంటుంది. చూడాల్సింది గ్రాఫులో గీత వాలు. రెండు మూడు రోజులుగా దిగుతూ ఉంటే మంచిదే. ఇంకా పైకి లేస్తుంటే ఆ వారం వేరే చోటికి వెళ్లండి. దాంతోపాటు ఐర్లండ్ వాతావరణ సంస్థ మెట్ ఏరన్ ఇచ్చే హెచ్చరికలు చూడండి. వాటిని జిల్లాలవారీగా ఇస్తారు. డబ్లిన్‌కు ఏమీ లేకపోయినా కార్లోకో కిల్‌కెన్నీకో ఉండొచ్చు, ఆ రెండు పేర్లూ విడిగా వెతకండి. అన్నిటికంటే కింది స్థాయి పసుపు హెచ్చరిక గాలికి ఉన్నా గట్టు మీదకు వద్దనే మా మాట. కారణం చెట్లు. 2012లో ఐర్లండ్‌లో మొదట బయటపడిన తెగులు దేశమంతటా యాష్ చెట్లను ఎండగొడుతోంది. పైకి నిటారుగా కనిపించే చెట్టు కొమ్మ లోపల పెళుసై ఉంటుంది. ఈదురుగాలికి విరిగిపడేవి అవే.

గట్టు మీద ఒకచోట నీళ్లు దారిని దాటి పారుతున్నాయనుకోండి. చీలమండ దాకానే ఉన్నాయి, పది అడుగులు వేస్తే అవతలే, బూట్లు ఎలాగూ తడిశాయి అనిపిస్తుంది. దిగొద్దు. బురద నీటి కింద దారి ఎక్కడ ఆగి నది ఎక్కడ మొదలైందో కంటికి కనపడదు. గడ్డి అంచు కింద మట్టిని నది ఎప్పటికప్పుడు కోసేస్తూ ఉంటుంది. పైన గడ్డి వేళ్లు అల్లుకుని చాపలా నిలుస్తాయి, కింద మాత్రం బోలు. మనిషి బరువు పడగానే ఆ చాప ఒరిగిపోతుంది. నీళ్లు లేని చోట కూడా ఇదే లెక్క. అంచు నుంచి కనీసం రెండు అడుగులు లోపలికి నడవండి. ఎదురుగా ఎవరైనా వస్తే పొలం వైపు ఒదగండి, నది వైపు కాదు. ఫొటోకోసం అంచుకు వెళ్లి వెనక్కి అడుగులు వేయకండి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మన సామెత. ఆ సామెత కట్టినవాళ్లు ఈ గట్టు చూడలేదు.

లాకు పక్కనే ఆనకట్ట ఉంటుంది. చెరువు అలుగు పారడం చూశాం కదా, తెలంగాణలో మత్తడి అంటారు, దాదాపు అలాంటిదే. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు తెల్లటి నురగ, హోరు ఉంటాయి, కాబట్టి ఎవరైనా జాగ్రత్త పడతారు. వరద వచ్చినప్పుడు పైనీళ్లూ కిందినీళ్లూ దాదాపు ఒకే మట్టానికి వచ్చి ఆనకట్ట ఒక నున్నటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. చప్పుడు కూడా తగ్గుతుంది. ప్రమాదం మాత్రం అప్పుడే ఎక్కువ. అంచు దాటి కిందపడిన నీరు అడుగున తిరగబడి మళ్లీ ఆనకట్ట వైపుకే లాగుతుంది. అందులో చిక్కిన దుంగ గంటల తరబడి అక్కడే మునిగి తేలుతూ ఉంటుంది. మనిషైనా అంతే. ఎంత ఈతగాడైనా బయటపడటం కష్టం. బంతి పడినా, టోపీ ఎగిరిపోయినా, కుక్క దూకినా వెనక వెళ్లొద్దు.

లాకు తలుపుల మీద అవతలికి దాటడానికి సన్నటి నడక పలక ఉంటుంది. అది లాకు నడిపేవాళ్ల కోసం. చలికాలంలో దాని మీద పాచి పడుతుంది, మంచు కురిసిన ఉదయం గాజు పలకే. లాకు గది గోడలు నిలువుగా, నున్నగా ఉంటాయి. పట్టు దొరకదు, నీళ్లు మనిషి నిలువు కంటే లోతు. పిల్లలు ఈ తలుపుల దూలాలను ఉయ్యాలల్లా చూస్తారు. ఒక్కో లాకు దగ్గరికి చేరే ముందే చేయి పట్టుకోండి, చేరాక కాదు.

బూట్ల విషయం. ఆథై కంటే పైన, మోనాస్టరెవిన్ వైపు కాలువ గట్టుకు గట్టి దారి వేశారు. పిల్లల బండి తోసేవాళ్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లు అటు వెళ్లడం మేలు. గ్రేగ్‌నమానా వైపు ఎక్కువగా గడ్డే. చలికాలంలో నలుగురు నడిస్తే చాలు, నడిమధ్యన బురద చాలు పడుతుంది. అడుగున లోతైన గాళ్లున్న ట్రెక్కింగ్ బూట్లు కావాలి. మోకాటి దాకా వచ్చే రబ్బరు బూట్లు రెండు కిలోమీటర్లకు బాగానే ఉంటాయి, పన్నెండు కిలోమీటర్లకు మడమ ఒలిచేస్తాయి. పైగా నీళ్లలో పడితే నిండి బరువెక్కుతాయి. చెప్పులు, క్రాక్స్ అసలు వద్దు. ఊలు మేజోళ్లు ఒక జత కాళ్లకు, ఒక జత సంచిలో.

బట్టల్లో నూలుకు చోటివ్వకండి. జీన్సు తడిస్తే రోజంతా ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. ఉష్ణోగ్రత 7 డిగ్రీలున్నా తడి, గాలి తోడైతే వణుకు పుట్టించడానికి అది చాలు. ఒంటికి అంటుకునేలా సింథటిక్ లేదా ఊలు బనియను, దాని మీద ఫ్లీసు, పైన నీళ్లు దిగని కోటు. గొడుగు గాలికి తిరగబడుతుంది, ఒక చేయి వృథా. అమ్మలు చీర మీద స్వెటరు వేసుకుని వస్తామంటే నచ్చజెప్పండి. తడి గడ్డిలో కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. నాన్నగారి మంకీ క్యాపు మాత్రం ఇక్కడ నిజంగా పనికొచ్చే వస్తువు, ఎవరూ నవ్వకండి.

వెలుతురు లెక్క ఇలా వేసుకోవాలి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళతాయి. శనివారం ఆరింటికి కుంకిన పొద్దు ఆదివారం ఐదింటికే కుంకుతుంది. ఆ వారం చీకట్లో చిక్కుకోవడం తేలిక. డిసెంబరు మూడో వారానికి పొద్దు పొడిచేది 8:40 ప్రాంతంలో, కుంకేది 4:10 ప్రాంతంలో. పైగా ఇక్కడ నదికి అటూ ఇటూ అడవి వాలు ఉంటుంది. గట్టు మీద మసక అరగంట ముందే కమ్ముతుంది. తడి గడ్డి మీద గంటకు మూడు కిలోమీటర్లకు మించి లెక్క వేయకండి. టిన్నహించ్‌లో 10:30కి కదిలితే సెయింట్ మల్లిన్స్‌కు 12:30. తినడానికి, 7వ శతాబ్దపు మోలింగ్ మునీశ్వరుడి మఠం శిథిలాలు చూడడానికి ముప్పావు గంట. 1:15కి తిరుగుముఖం పడితే 3:15కి కారు దగ్గర. చేతిలో మిగిలేది గంట కూడా కాదు. బయలుదేరడం గంట ఆలస్యమైతే చివరిదాకా వెళ్లే ఆశ వదులుకోండి. సగం దారిలో ఉన్న క్యారిగ్లీడ్ లాకు దగ్గరే వెనక్కి తిరగండి. ఏమైనా సరే, ఒంటిగంటన్నర దాటితే ఎక్కడున్నా వెనక్కి. తలకు పెట్టుకునే టార్చి ఒకటైనా ఉండాలి. ఫోను టార్చి వెలిగిస్తే చలిలో బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది, తర్వాత పిలవడానికి ఫోనే ఉండదు.

తిండి వెంట తీసుకెళ్లండి. చలికాలంలో అక్కడి కెఫేలు తెరిచే రోజులు తక్కువ. పులిహోర, ఫ్లాస్కులో టీ హాయిగా సరిపోతాయి. ఒక్క చిక్కు. మనం చేత్తో తింటాం. వరద దిగిన గట్టు బురదలో ఎలుకల మూత్రం కలిసి ఉండొచ్చు. మన దగ్గర ఎలుకల జ్వరం అనే లెప్టోస్పైరోసిస్ వచ్చేది అలాగే. శానిటైజరు బురద చేతుల మీద సరిగా పనిచేయదు. చిన్న సబ్బు ముక్క, లీటరు మంచినీళ్లు చేతులకోసం విడిగా పెట్టుకోండి. లేదా చెంచాతో తినండి. చేతి మీద గీతలు, పగుళ్లు ఉంటే ముందే నీళ్లు తగలని ప్లాస్టరు వేయండి.

ఎవరైనా నీళ్లలో పడితే మొదటి నిమిషం కీలకం. చలికాలంలో ఆ నీరు 10 డిగ్రీల లోపే. పడిన వెంటనే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, ఆ గుక్కలో నీళ్లు లోపలికి వెళితే మునిగిపోతారు. ఈత కొట్టాలని చూడకుండా వెల్లకిలా వాలి, తల వెనక్కి వంచి, నిమిషం నిమిషంన్నర తేలితే ఊపిరి అదుపులోకి వస్తుంది. గట్టు మీదున్నవాళ్లు ఆ మాటే అరిచి చెప్పాలి. మీరు దూకొద్దు. ఒడ్డున పసుపు రంగు రక్షణ వలయం దగ్గర్లో ఉంటే విసరండి, లేకపోతే కొమ్మ, చున్నీ, బెల్టు ఏదైనా సరే. బోర్లా పడుకుని అందించండి, నిలబడి లాగితే మీరూ పోతారు. 112కో 999కో ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని అడగండి. పేరు చూసి సముద్రానికే అనుకోకండి, నదులకూ వాళ్లే వస్తారు. గట్టు మీద ఇంటి నంబర్లు ఉండవు కాబట్టి దాటిన చివరి లాకు పేరు, ఏ ఒడ్డున ఉన్నారో చెప్పండి. ప్రతి లాకు దగ్గరా పేరు గుర్తుపెట్టుకుంటూ వెళ్లడం అందుకే. లోయలో సిగ్నల్ సన్నబడితే 112కు మెసేజి పంపే వీలుంది. కానీ ముందే నమోదు చేసుకుని ఉండాలి. ఇంట్లోనే ఆ పని ముగించండి.

బయటికి లాగాక తడి బట్టలు తీసేసి, పొడి బట్టలు చుట్టి, పడుకోబెట్టండి. చేతులు కాళ్లు రుద్దొద్దు. బ్రాందీ వద్దు. వణుకుతున్నంతసేపూ కొంత నయం. వణుకు ఆగి మాట ముద్దగా వస్తుంటే పరిస్థితి ముదిరిందని అర్థం.

ఇంటికొచ్చాక బూట్ల బురద కడిగి, 48 గంటలు బాగా ఆరబెట్టండి. 2017లో బారోలో పీతరొయ్యలను (క్రేఫిష్) చంపే తెగులు బయటపడింది. తడి బూట్లతో అది ఒక నది నుంచి మరో నదికి పోతుంది. మోకాళ్ల వెనక, నడుము దగ్గర, పిల్లల తలలో పిడుదులేమైనా పట్టాయేమో చూడండి, చలికాలంలో తక్కువే కానీ వెచ్చటి రోజుల్లో ఉంటాయి. తర్వాతి రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరుకు ఫ్లూ అని చెప్పి ఊరుకోకుండా, ఫలానా తేదీన నది గట్టు మీద నడిచామని కూడా చెప్పండి.