ఆఫీసులో ‘బ్యాండ్‌వాగన్’ మాట: అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళకు

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరినవాళ్ళకు మీటింగుల్లో త్వరగానే తగిలే మాట ‘జంప్ ఆన్ ద బ్యాండ్‌వాగన్’. నలుగురూ ఎగబడుతున్నదాంట్లో తానూ దూరడం అని అర్థం ఎలాగూ తెలిసిపోతుంది. అందులోని వెటకారమే వెంటనే పట్టుబడదు. మన ‘గుంపులో గోవిందా’ లాంటిదే.

పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ సర్కస్ ఊరేగింపులో మేళగాళ్ళు ఎక్కే బండి పేరు బ్యాండ్‌వాగన్. తర్వాత ఎన్నికల ఊరేగింపులకూ అలాంటి బండ్లే కట్టారు. గెలిచేవాడి పక్కన చేరేవాళ్ళను ఎత్తిపొడవడానికి ఆ మాట స్థిరపడింది.

మన సముద్రం పక్క ఊళ్ళలో 1990ల మొదట్లో పక్కవాడు తవ్వాడని రొయ్యల గుంటలు తవ్వి, 1994లో తెల్లమచ్చ తెగులు వచ్చాక అప్పులపాలైనవాళ్ళు గుర్తున్నారా? అదీ బ్యాండ్‌వాగన్ ఎక్కడమంటే. అదును చూసి దిగి, నాలుగు పంటలు తీసి, సమయానికి తప్పుకున్నవాడైతే ‘రోడ్ (rode) ద వేవ్’, అంటే అల మీదెక్కి సాగాడని.

కాబట్టి మేనేజరు దగ్గర ‘వియ్ షుడ్ జంప్ ఆన్ ది ఏఐ బ్యాండ్‌వాగన్’ అనకండి. అందరూ చేస్తున్నారు, అంతకు మించి కారణం లేదన్నట్టు వినబడుతుంది. ‘రైడ్ ద వేవ్’ అనండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందామని తొందరపెట్టాలంటే ‘స్ట్రైక్ వైల్ ది ఐరన్ ఈజ్ హాట్’. ఎదుటివాడి పని గురించి మెయిల్లో బ్యాండ్‌వాగన్ అని రాస్తే సొంత బుర్ర లేదని తిట్టినట్టే. మీ మీద మీరే వేసుకుంటే మాత్రం ఇబ్బంది లేదు: ‘ఐ ఫైనల్లీ జంప్డ్ ఆన్ ది ఎయిర్ ఫ్రయర్ బ్యాండ్‌వాగన్’ అంటే నవ్వుతారు.

మనవాళ్ళు ‘ఆన్’ బదులు ‘ఇన్’ అనేస్తారు, ‘ద’ మింగేస్తారు. ట్రెండు పేరు ‘ద’ తర్వాత, ‘బ్యాండ్‌వాగన్’కి ముందు రావాలి. జంప్ బదులు హాప్, క్లైంబ్, గెట్ ఏదైనా నడుస్తుంది. ‘బ్యాండ్’ మాత్రం వదలొద్దు. ఉత్త ‘ఆన్ ద వాగన్’ అంటే తాగుడు మానేశాడని. పార్టీలో ‘ఐయామ్ ఆన్ ద వాగన్’ అన్నారో, మీ చేతికి సోడా గ్లాసే వస్తుంది. ‘ఫెల్ ఆఫ్ ద వాగన్’ అంటే మానేసినవాడు మళ్ళీ మొదలెట్టాడని. దాన్ని ఎవరి మీదా సరదాకి కూడా వాడకండి.

ఆటల్లో ఇంకొకటుంది: ‘బ్యాండ్‌వాగన్ ఫ్యాన్’. టీము గెలుస్తున్నప్పుడే జెర్సీ తొడిగేవాడు. ఫైనల్స్ వారంలో మీరు జెర్సీ కొంటే ఎవరో ఒకరు ఆ పేరు అంటించి తీరతారు. ఉడుక్కోకుండా ‘ఐ జస్ట్ మూవ్డ్ హియర్’ అంటే చాలు, పక్కన కూర్చోబెట్టుకుని రూల్స్ చెప్పడం మొదలెడతారు.