సంతకు పశువును తోలే ముందు కాగితాల జాగ్రత్తలు

దేవరకద్ర సంతకో, పెబ్బేరు సంతకో ఎడ్లను తోలే ముందు ఇవి చూసుకోండి.

చెవి పోగు మీది 12 అంకెలు ధ్రువపత్రంతో సరిపోవాలి. పేడ అంటితే 3, 8 ఒకేలా కనిపిస్తాయి. తడిగుడ్డతో తుడిచి చదవండి.

గాలికుంటు టీకా తేదీకి ఆరు నెలలు దాటకూడదు. నిన్న వేయించి నేడు బయలుదేరితే కాగితం ఉంటుంది కానీ రక్షణ ఉండదు. దానికి రెండు మూడు వారాలు పడుతుంది.

పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రంలో తేదీ, సంతకం ఉండాలి. పశువును చూడకుండా రాసిచ్చేది నాకైతే వద్దు.

నోట్లో పుండ్లు, చొంగ, చర్మంపై గడ్డలు ఉంటే ప్రయాణం ఆపండి. బేరం పోతుందని దాచేవారున్నారు. కానీ 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం జాబితాలోని అంటువ్యాధి అనుమానాన్ని యజమాని పంచాయతీకి తెలపాలి.

సంత రశీదు పారేయకండి.