షేర్డ్ ఫోల్డర్‌లో ఫైల్ మారిందని సింక్‌కు తెలియాలంటే

హన్మకొండలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపుకు నెట్‌వర్క్ పనులు చూస్తాను. డిజైనర్లంతా ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో పని చేస్తారు. దాన్ని లినక్స్ పీసీతో సింక్ చేయాలంటే ముందు ఒకటి తెలియాలి: ఫైల్ మారితే చెప్పే లినక్స్ సదుపాయం ఐనోటిఫై, ఆ పీసీలో జరిగిన మార్పులనే పట్టుకుంటుంది. షేర్‌ను మౌంట్ చేసుకున్నా (అంటే ఆ పీసీలో మామూలు ఫోల్డర్‌లా తగిలించుకున్నా), పక్క సిస్టమ్‌లో సేవ్ చేసిన ఫైల్ సంగతి దానికి తెలియదు. అందుకే వీలైతే సింక్ సాఫ్ట్‌వేర్‌ను ఫైళ్లున్న సర్వర్‌లోనే నడపండి. నా దృష్టిలో ఇదే మంచి దారి.

కుదరకపోతే స్కానే గతి, అంటే కొంతసేపటికోసారి ఫోల్డర్ మొత్తం చూసి మార్పులు వెతకడం. సింక్‌థింగ్ అనే సింక్ సాఫ్ట్‌వేర్‌లో రెండు స్కాన్ల మధ్య విరామం డిఫాల్ట్‌గా 3600 సెకన్లు. పెళ్లిళ్ల సీజన్‌లో 600కు తగ్గిస్తాను. సైజు, మార్పు సమయం పోల్చితే సాధారణంగా చాలు. పెద్ద ఫొటోషాప్ ఫైల్ సేవ్ అవుతుండగానే కాపీ కాకూడదు కాబట్టి, రెండుసార్లు చూసినా సైజు మారకపోతేనే తీసుకోవాలి.

విండోస్‌కు సర్వర్ నుంచి నోటిఫికేషన్లు వస్తాయి గానీ, కెమెరా కార్డు మొత్తం ఒకేసారి దించితే వాటిని ఉంచే బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి కొన్ని జారిపోవచ్చు. అక్కడా స్కాన్ ఉండాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం: షేర్ ఊడిపోతే మౌంట్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ అన్నీ డిలీట్ చేశారనుకుంటే ఒక కుటుంబం పెళ్లి ఫొటోలే పోతాయి. షేర్‌లో ఒక గుర్తు ఫైల్ పెట్టి, అది కనిపిస్తేనే సింక్ మొదలయ్యేలా చూడండి.