కాలు పోయిన జవాను ఇంటికొస్తున్నాడా? మోకాలి కింద దిండు పెట్టకండి

సరిహద్దులో మందుపాతర పేలి ఒక జవాను కాలు పోయిందని మళ్లీ వార్త. నియంత్రణ రేఖ దగ్గర వానలకు మన్ను కోసుకుపోయి, పాతిపెట్టిన మందుపాతరలు చోటు మారుతుంటాయి. తెలిసిన దారే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆపరేషన్ ఆర్మీ ఆసుపత్రి చూసుకుంటుంది. కృత్రిమ కాలు పుణేలోని ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ అమరుస్తుంది, 1944 నుంచీ వాళ్ల పని అదే. ఆ రెండింటికీ మధ్య సిక్ లీవులో ఇంటి దగ్గర గడిచే వారాలంటేనే రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుగా నాకు భయం.

మోకాలి కింద కాలు తీసేసినవాళ్లకు స్టంపు, అంటే మిగిలిన కాలి మొండెం, దాని కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది. అమ్మ ప్రేమగా పెడుతుంది. మోకాలు గంటల తరబడి వంగి ఉండి, వెనక కండరాలు కురచబడి, కొన్ని వారాలకు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. అలా వచ్చిన ఒక కుర్రాణ్ని పడుకోబెట్టి కాలు చాపమంటే, మోకాలి వెనక నా పిడికిలి దూరేంత సందు మిగిలింది. అలాంటి మోకాలికి కృత్రిమ కాలు సరిగా కుదరదు, కుదిరినా కుంటక తప్పదు. దిండు పెట్టకండి.

పడుకున్నప్పుడు మోకాలు తిన్నగా ఉండాలి. రోజుకు రెండు మూడుసార్లు ఇరవై నిమిషాలైనా బోర్లా పడుకోవాలి, లేకపోతే తుంటి కూడా పట్టేస్తుంది. కుర్చీలో కూర్చుంటే స్టంపు కింద చెక్క పలక పెట్టి చాపి ఉంచాలి. మంచం అంచున వేలాడదీయకూడదు.

క్రేప్ బ్యాండేజీ ఎనిమిది అంకె ఆకారంలో కట్టండి. చివర బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు. గుండ్రంగా చుడితే తాడు బిగించినట్టే, రక్తం ఆడదు.

రాత్రిళ్లు మరీ జాగ్రత్త. లేని కాలు ఉన్నట్టే అనిపిస్తుంది. నిద్రమత్తులో లేచి ఆ కాలే ముందు నేల మీద పెట్టబోయి పడతారు, కుట్లు విడిపోతాయి. చిన్న లైటు వెలుగుతూ ఉండాలి, యూరిన్ పాట్ చేతికందాలి. ఆ వైపు మంచానికి కుర్చీ అడ్డం పెట్టండి.

వానాకాలం, పెరట్లో పాచి గీకించండి. చంకకర్రల రబ్బర్లు అరిగితే ఇవాళే మార్చండి. స్నానానికి తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, జారుతుంది. గోడకు కడ్డీ బోల్టులతో బిగించండి, కుళాయి పట్టుకుని లేవనివ్వకండి. గడ్డం తనే గీసుకోవాలి. గుండీలు మీరు పెట్టకండి. అన్నం కలిపి ముద్దలు పెట్టకండి, పోయింది కాలు, చేతులు కాదు. కుట్ల మీద పసుపు, పసర్లు పూయకండి. లేని కాలు మంట పుడుతోందంటే నమ్మండి, అది నిజమైన నొప్పే, అద్దంతో చేయించే థెరపీ గురించి డాక్టర్నడగండి. పలకరింపుకొచ్చి ఆర్మీ క్యాంటీన్ మద్యం సీసా తెరిచేవాళ్లను గుమ్మంలోనే ఆపండి. సిగరెట్ మాన్పించండి, తాగితే గాయం త్వరగా మానదు. దిండు మళ్లీ వచ్చిందేమో రోజూ దుప్పటి ఎత్తి చూడండి. చీము, దుర్వాసన, జ్వరం, చర్మం నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్, విశాఖలో నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి, ఏది దగ్గరైతే అక్కడికి. రెండూ దూరమైతే ముందు ఊళ్లో ఉన్న ఆసుపత్రికి. డిశ్చార్జి కాగితాలు వెంట ఉండాలి.